కొనేవారికి ఎంత చెప్పాలి?

కావలి నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. పేరు వెయ్యవద్దన్నారు, వెయ్యను. సంగతి మాత్రం ఇంటింటి సంగతి కనుక ఈ వారం దాన్ని గురించే నాలుగు మాటలు.

ఆమె పెళ్ళికి తండ్రిగారు వెంకటగిరి జరీ చీర కొన్నారట. ఆయన బడిపంతులు. ప్రావిడెంటు ఫండులో అప్పు తీసి మరీ కొన్నారు. కొట్టులో కూర్చుని ఒకటికి రెండు సార్లు అడిగారట, "జరీ అసలైనదేనా?" అని. "వెంకటగిరి అండీ!" అన్నాడట కొట్టాయన. ఆ మాటతో తండ్రిగారికి తృప్తి కలిగింది. పద్ధెనిమిదేళ్ళు గడిచాయి. మొన్న బీరువా సర్దుతుంటే ఆ చీర అంచు నల్లబడి కనిపించింది. "పాత జరీ చీరలు కొంటాం" అని వీధి వెంట కేక వేసుకుంటూ పోయే మనిషిని పిలిచి చూపించారు. అతడు అంచు కొసను రాతి మీద రుద్ది, ఎర్రటి గీత చూపించి, "రాగమ్మా ఇది, నాకు పనికిరాదు" అని తన మూట తాను ఎత్తుకుని పోయాడు.

తండ్రిగారు ఇప్పుడు లేరు. "డబ్బు పోయిందని కాదండీ నా బాధ. ఆయన అడిగారు గదా. అడిగిన మనిషికైనా చెప్పకపోతే ఎట్లా?" అని రాశారు ఆ సోదరి. వారి ఆయన మాత్రం, "వ్యాపారం అన్నాక గుట్టు లేకుండా ఎట్లా ఉంటుంది? అన్నీ చెప్పుకుంటూ కూర్చుంటే కొట్టు మూసుకోవలసిందే" అంటున్నారట. ఎవరి మాట సబబో తేల్చమన్నారు. ఆలుమగల తగవులో తీర్పు చెప్పేటంత ధైర్యం నాకు లేదు గాని, గుట్టు అనే మాటను గురించి చెప్పవలసినది మాత్రం ఉన్నది.

ముందు జరీ సంగతి చూద్దాం. అసలు జరీ అంటే పట్టు దారం మీద సన్నని వెండి తీగను రేకులాగా సాగగొట్టి చుట్టి, దానికి బంగారు పూత పూసినది. అందుకే చీర చినిగిపోయినా జరీకి ధర ఉంటుంది; కరిగిస్తే వెండి వస్తుంది. రెండో రకంలో వెండికి బదులు రాగి తీగ, దాని మీద వెండి పూత, పైన మెరుగు. మూడోది ప్లాస్టిక్ జరీ. పాలియెస్టరు పొరకు లోహపు మెరుగు పట్టించి సన్నగా కోసినది. మూడూ కొట్టు దీపాల కింద ఒక్కలాగే తళతళలాడతాయి. నిజం చెప్పాలంటే మూడో రకం మరికాస్త ఎక్కువగానే మెరుస్తుంది. రాగి జరీ వెయ్యడం నేరమూ కాదు, పాపమూ కాదు. వెండి ధర చూస్తుంటే, అసలు జరీ చీర కొనగలిగే ఇళ్ళు ఎన్ని? మామూలు సంసారి కూతురి పెళ్ళిలో రాగి జరీ చీర కట్టుకుంటే తప్పేమున్నది! రాగి అని చెప్పి, రాగి ధరకు ఇవ్వాలి. అంతే.

ఇంతకూ ఆ కొట్టాయన అబద్ధం ఆడలేదు, గమనించారా? ఆ చీర వెంకటగిరిదే కావచ్చు. వెలుగోటివారి ఏలుబడిలో పేరు గడించిన ఊరు అది. 2022లో జిల్లాల విభజన జరిగినప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గాని, చీర మాట వచ్చినప్పుడు నెల్లూరు వాళ్ళకు ఇప్పటికీ అది మన ఊరే. ఆ పంతులుగారు అడిగింది లోహం పేరు. కొట్టాయన చెప్పింది ఊరి పేరు. అడగని ప్రశ్నకు నిజమైన జవాబు చెప్పి, అడిగిన ప్రశ్నను మింగేశాడు. పరీక్ష పేపర్లలో నేను ఇటువంటి జవాబులు ఏటేటా చూస్తూ ఉంటాను. నన్నయను గురించి అడిగితే తిక్కనను గురించి నాలుగు పేజీలు రాసే పిల్లలు ఉంటారు. నాలుగు పేజీలూ నిజమే. మార్కులు మాత్రం సున్న.

సోదరికి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. అంచు నల్లబడినా నేత చెడలేదు గదా. చీరను తిరగేసి చూడండి. జామ్‌దానీ నేతలో ఒక్కొక్క బుటాకు విడిగా దారం పెట్టి చేత్తోనే అల్లుతారు కనుక వెనక వైపు కూడా బుటా దాదాపు ముందు వైపులాగే శుభ్రంగా ఉంటుంది. యంత్రపు నకళ్ళలో వెనక దారాలు ఒక బుటా నుంచి మరో బుటాకు పాకుతాయి, లేదా కత్తిరించిన కొసలు నూగులాగా తేలతాయి. మీ చీర వెనక శుభ్రంగా ఉంటే నిక్షేపంగా కట్టుకోండి. తండ్రిగారు నేతను ఎంచడంలో పొరబడలేదన్నమాట.

ఇక గుట్టు సంగతి. మన కోస్తాలో గుట్టు దాచడానికి వీలులేని సరుకు ఒకటి ఉన్నది: చేప. మైపాడు రేవు నుంచి వచ్చిన గంప ముందు మీరు కూర్చోగానే, అమ్మే ఆమే వంజరం మొప్ప ఎత్తి, "ఎర్రంగా లేకుంటే డబ్బియ్యబాక సామీ" అంటుంది. కన్ను చూస్తాం, పొట్ట నొక్కి చూస్తాం, వాసన చూస్తాం. ఆమె చెప్పినా చెప్పకపోయినా చేప తన సంగతి తానే చెప్పుకుంటుంది. అందుకే చేపల బజారులో కేకలు ఎక్కువ, మోసాలు తక్కువ. అక్కడ కూడా కంటికి తెలియనిది ఒకటి ఉంటుంది లెండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో పెద్ద చేప కనిపిస్తే అది ఎక్కడినుంచో ఐసులో వచ్చినదే అయి ఉంటుంది. "ఇది ఐసుదే సామీ, పులుసుకు పనికొస్తది, వేపుడుకు వద్దు" అని తానై చెప్పే మనిషి ఒకామె ఉన్నది మా బజారులో. ఆమె దగ్గర మా ఆవిడ బేరం ఆడదు.

బంగారం చేపకు పూర్తిగా ఎదురు. దాని లోపలి సంగతి కొనేవాడి కంటికి ఎన్నటికీ అందదు. కన్నతల్లి నగలోనైనా కంసాలి కొంత తియ్యక మానడని ఒక సామెత పుట్టించారు మనవాళ్ళు. వట్టి అన్యాయమైన సామెత. పొట్ట మాడ్చుకుని ఊదుగొట్టం ముందు కూర్చున్న నిజాయితీపరులు ఎంతమంది ఆ ఒక్క సామెత మోసి ఉంటారో! కాని అది ఎందుకు పుట్టిందో ఆలోచించండి. తెలుసుకునే దారి లేని చోట అనుమానమే దారి అవుతుంది. 2021 జూన్ 16 నుంచి కొన్ని జిల్లాలతో మొదలుపెట్టి హాల్‌మార్కు తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ నుంచి ఒక్కొక్క నగ మీదా ఆరు అక్షరాల గుర్తు ఉండి తీరాలన్నారు. ఆ అక్షరాలను ఫోనులో కొట్టి చూస్తే నగ ఎన్నో వంతు బంగారమో తెలుస్తుంది. దీనివల్ల స్వర్ణకారుడి పనితనపు గుట్టు ఒక్కటైనా బయటపడిందా? కమ్మీ ఎట్లా లాగుతాడో, అతుకు ఎట్లా కనిపించకుండా చేస్తాడో ఆ అక్షరాలు చెప్పవు. అవి చెప్పేది సరుకు ఏమిటో. చేతి విద్య చేతిలోనే ఉండిపోయింది, దాని మీది అనుమానం మాత్రం పోయింది.

ఇదే నేను చెప్పదలచుకున్నది. గుట్టు అనే ఒక్క మాట కింద మనం రెండు వేరు వేరు సంగతులు కలిపేస్తున్నాం. వస్తువులో ఏమున్నదనేది ఒకటి. దాన్ని ఎట్లా చేశారనేది మరొకటి. మొదటిది డబ్బు చెల్లించిన మరుక్షణం కొన్నవారి సొత్తు. రెండోది చేసినవాడి సొత్తు. ఇష్టమైతే చెబుతాడు, లేకపోతే లేదు. కేరళలో ఆరన్ముళ అద్దం ఉన్నది. గాజు కాదు, లోహాన్ని సానబట్టి చేసిన అద్దం. ఆ లోహాల పాళ్ళు కొన్ని కుటుంబాలవారికే తెలుసు, వారు చెప్పరు. కొనేవాడికి అది లోహమనీ, చేత్తో సానబట్టినదనీ, ఎట్లా తుడుచుకోవాలో తెలిస్తే చాలు. పాళ్ళు తెలియకపోవడం వల్ల వాడికి వచ్చిన నష్టం కానీ కూడా లేదు. రాగి జరీ సంగతి తెలియకపోవడం వల్ల కావలి సోదరికి వచ్చిన నష్టం వేరు.

మన కొట్లలో వ్యవహారం సరిగ్గా తలకిందులుగా ఉన్నది. గోడ నిండా మగ్గాల బొమ్మలు. గుంట మగ్గం మీద కూర్చున్న ముసలాయన ఫోటో. నాడె ఎట్లా ఆడుతుందో, పడుగు ఎట్లా పడుతుందో ఫోనులో బొమ్మ ఆడించి మరీ చూపిస్తారు. కాఫీ ఇస్తారు. చేసే తీరు గురించి అడగకుండానే అరగంట చెప్పే ఆ మనిషిని జరీ ఏమిటని అడగండి. నూలు ఎన్నో నంబరుదని అడగండి. బిల్లు మీద మాత్రం "చీర – 1" అని ఉంటుంది. చేసినవాడు దాచుకోదగ్గదాన్ని కొట్టువాడు గోడకెక్కించాడు, కొట్టువాడు చెప్పవలసినదాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

నేతగాడి భయం వేరు, అది న్యాయమైనది. వెంకటగిరిలో నా పాత విద్యార్థి ఒకడు ఉన్నాడు, మగ్గం ఇంటివాడు. వాళ్ళ ఇంటికి పోతే తండ్రి నన్ను మగ్గం దగ్గరికి తీసుకుపోయి పడుగు చూపించాడు. నూరో నంబరు నూలు. అంటే 840 గజాల చిలపలు నూరు కలిస్తే గాని ఒక పౌను తూగదు, అంత సన్నం. రంగు ఎక్కడ అద్దించాడో చెప్పాడు. "ఈ ఎరుపు మొదటి రెండు ఉతుకులు దిగద్ది అయ్యవారూ, విడిగా ఉతకమని చెప్పాల" అన్నాడు. ఇన్ని చెప్పినవాడు పక్క మగ్గం దగ్గరికి పోయేసరికి నేసిన భాగం మీద పాత పంచె కప్పి ఉంచాడు. కొత్త బుటా అట. "అది నేను చూస్తే ఏమి?" అన్నాను. "మీరు చూస్తే ఏం గాదు. మీ ఫోను చూస్తేనే బాధ" అన్నాడు. బొమ్మ ఒక్కటి బయటికి పోతే చాలు, పవర్‌లూము మీద అదే బుటా దిగిపోతుంది. వాడు నెల పైన కూర్చుని నేసిన చీర బజారుకు చేరేలోగా దాని నకలు పావు ధరకు దొరుకుతుంది. ఆపైన ఆ నకలు చూపించి, "నీదానికి ఇంత ధర ఏంది?" అని వీణ్ణే అడుగుతారు.

ఈ నకళ్ళ కోసం చట్టం లేకపోలేదు. 1985లో పార్లమెంటు చేనేతకు కొన్ని రకాలు కేటాయిస్తూ చట్టం చేసింది. మిల్లులవారూ పవర్‌లూములవారూ కోర్టుకెక్కితే 1993లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. అంతకు ఎంతో ముందే కౌటిల్యుడు అర్థశాస్త్రంలో నాసిరకాన్ని మేలురకమని అమ్మినవాడికి సరుకు విలువకు ఎనిమిది రెట్లు జరిమానా వేశాడు. ఆ జాబితాలో కర్ర, ఇనుము, తోలు, కుండలతోబాటు దారం కూడా ఉన్నది! చట్టాలకు కొరత లేదు, అడిగేవారికే కొరత. 2019 వినియోగదారుల చట్టంలో సరుకు నాణ్యత, పరిమాణం, స్వచ్ఛత, ధర తెలుసుకునే హక్కు స్పష్టంగా రాసి ఉన్నది.

గుర్తులు కూడా వచ్చాయి. పట్టుకు సిల్కుమార్కు 2004లో, చేనేతకు హ్యాండ్‌లూమ్ మార్కు 2006లో. వెంకటగిరి చీరకు భౌగోళిక గుర్తింపు కూడా ఉన్నది. మంచివే, చూసి కొనండి. కాని ఒక కిటుకు చెబుతాను. సిల్కుమార్కు చెప్పేది పట్టు సంగతి. హ్యాండ్‌లూమ్ మార్కు చెప్పేది మగ్గం సంగతి. భౌగోళిక గుర్తింపు చెప్పేది ఊరి సంగతి, ఆ ఊరి నేత పద్ధతి సంగతి. మూడు చీట్లూ అతికించిన చీరలో జరీ ఏదో ఏ చీటీ చెప్పకపోవచ్చు. మూడు చీట్లు చూసి మురిసిపోయి నాలుగో ప్రశ్న అడగడం మానేస్తే పంతులుగారి కథే మళ్ళీ.

భౌగోళిక గుర్తింపు దగ్గర ఇంకో సంగతి. ఆ గుర్తింపు కోసం పెట్టే దరఖాస్తులో తయారుచేసే పద్ధతి అంతా రాయాలి. అది ప్రభుత్వ పత్రికలో అచ్చవుతుంది. కావలసినవాళ్ళు చదువుకోవచ్చు. గుట్టు రట్టయింది గదా, మరి నేతగాడి కొంప మునగలేదేం? చదివితే వచ్చే విద్య కాదది. గంజి పాకం పేజీలో ఉండవచ్చు గాని, ఈ రోజు గాలిలో తేమ ఎంత, గంజి ఎంత పలచన చెయ్యాలి అన్నది పడుగు మీద చెయ్యి పెట్టిన మనిషికే తెలుస్తుంది. బుటా మాటున దాగిన కొత్త ఊహ ఒక్కటే దొంగిలించడానికి తేలిక. నేతగాడు పంచె కప్పింది దానికే.

నెల్లూరు నుంచి మైపాడు పోయే వైపు, పెన్న ఒడ్డున పల్లెపాడు ఉన్నది. 1921 ఏప్రిల్ 7న గాంధీగారు అక్కడ పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. ఆ రోజుల్లో ఖద్దరుకు గిరాకీ పెరగగానే మిల్లు నూలుతో నేసి ఖద్దరని అమ్మేవాళ్ళూ పుట్టుకొచ్చారు. దేశభక్తికి కూడా నకలు తయారైందన్నమాట! 1925లో అఖిల భారత చరఖా సంఘం ఏర్పడ్డాక అంగళ్ళకు యోగ్యతాపత్రాలు ఇచ్చే పద్ధతి వచ్చింది. ఖద్దరు కట్టేవాడు ముతక బట్టకు ఎక్కువ ధర ఇచ్చేది అది చేతి వడుకు అన్న ఒక్క నమ్మకం మీద. ఆ ఒక్క సంగతీ అబద్ధమైతే మిగిలేది ముతకదనమే.

ఇప్పుడు అదే తీరం వెంబడి రొయ్యల చెరువులు. 2009లో వెనామీ రొయ్యకు అనుమతి వచ్చినప్పటి నుంచీ మరీ పెరిగాయి. ఐరోపాకు పోయే రొయ్య సంగతి చూడండి. అది చెరువులో ఈదుతుండగానే నమూనా తీసి, నిషేధించిన మందుల జాడ ఉందేమో పరీక్ష చేస్తారు. ఏ చెరువుదో కాగితం మీద ఉండాలి. తేడా వస్తే సరుకు తిరుగుటపా. ఎక్కడో చలిదేశంలో కూర్చున్న ఇల్లాలికి మన చెరువు సంగతి అంత వివరంగా చెబుతున్నాం. ఆ చెరువు గట్టుకు పది మైళ్ళలో ఉన్న మనం మాత్రం కిలో ఎంత అని అడిగి సంచీ చాపుతున్నాం. చెప్పడం చేతకాక కాదు, చెప్పకపోతే సరుకు వెనక్కి వస్తుందన్న భయం ఉన్నచోట చెబుతున్నారు.

ఇక్కడ కొనేవాళ్ళను కూడా కాస్త అనవలసి ఉన్నది. వస్త్ర వ్యాపారి ఒకాయన నాతో అన్నాడు: "రాగి జరీ అని చెప్పిన చీర మడత కూడా విప్పకుండా లేచిపోతారండీ. పక్క కొట్లో అదే చీర జరీ ఏదో చెప్పకుండా ఇస్తే, రెండువేలు ఎక్కువ పెట్టి కొనుక్కుపోతారు." నిజమే. పెళ్ళిపందిట్లో నలుగురిలో అసలు జరీ అని చెప్పుకోవాలి, డబ్బు మాత్రం రాగికి సరిపడా ఇవ్వాలి. ఇట్లా కోరుకునేవాళ్ళకు నోరు విప్పని వ్యాపారే ముద్దు. నిజం చెప్పిన కొట్టులో కొనడం మనం నేర్చుకోకపోతే నిజం చెప్పే కొట్టు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

అట్లాగని లాభం ఎంత వేసుకున్నావు, అసలు ఎంత పడింది అని ఆరా తియ్యడం నాకు నచ్చదు. అది వాడి కష్టం, వాడి పెట్టుబడి. ధర నచ్చకపోతే లేచి రావచ్చు. నేతగాడికి కూలి ఎంత ముట్టిందన్నది మాత్రం తెలిస్తే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుంది. తెలిస్తే కొందరం సిగ్గుపడి బేరం మానుతామేమో. కాని అది హక్కుగా అడగదగ్గది అవునో కాదో నేనింకా తేల్చుకోలేదు. పాఠకులు ఏమంటారో రాయండి.

అడగవలసినవి మాత్రం మొహమాటం లేకుండా అడగండి. చీరైతే నూలు ఏమిటి, జరీ ఏమిటి, మగ్గం చేతిదా కరెంటుదా, రంగు దిగుతుందా. ఉదయగిరి చెక్క గరిటె అయితే నీళ్ళలో నానబెట్టవచ్చా, నూనె రాయాలా. జవాబును బిల్లు మీద రాయించుకోండి. నోటితో "ప్యూర్ అండీ" అన్న మనిషి రాయమనగానే గుమాస్తాను పిలుస్తాడు, గుమాస్తా షావుకారు రావాలంటాడు. అంతటితో మీకు కావలసిన సంగతి తెలిసిపోతుంది.

వెంకటగిరి విద్యార్థి సంగతి చెప్పాను గదా. ఇప్పుడు వాళ్ళు తాము నేసిన చీరలు కొన్నిటిని తామే అమ్ముకుంటున్నారు. ప్రతి చీరకూ ఒక చీటీ పెట్టాలని కుర్రవాడు సంకల్పించాడు. బి.ఎ. చదివినవాడు కనుక, "లోహపు పూత గల కృత్రిమ తంతువులతో అలంకరింపబడినది" అని గంభీరంగా రాసుకొచ్చి నాకు చూపించబోయాడు. మూల కూర్చుని కండెలు చుడుతున్న వాళ్ళ నాయనమ్మ, "అంటే ఏందిరా?" అన్నది. చెప్పాడు. "అయితే రాగి అని రాయరా అబ్బయా, కొనుక్కునే ఆడబిడ్డకు అర్థం కావద్దా?" అన్నది. ఆ చీటీ ఒకటి ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది: "నూలు నూరో నంబరు. చేతి మగ్గం. జరీ రాగిది, కరిగిస్తే వెండి రాదు. ఎరుపు దిగుతుంది, రెండు సార్లు విడిగా ఉతకండి."